తెల్ల గుర్రానికి కొత్త సుద్ద

ఇంగ్లండ్‌లోని అఫింగ్టన్ కొండ మీద గుర్రానికి సుద్ద కొట్టేందుకు మనుషులు కావాలని తెలిసి, ఆ వేసవిలో స్విండన్‌లో ఉంటున్న మా అమ్మాయితో కలిసి వెళ్లాను. కొండవాలు మీద 110 మీటర్ల పొడవున పరుగెడుతున్న గుర్రం అది. పైపైన గీసిన బొమ్మ కాదు. పచ్చిక తొలిచి, కాలువల్లా తవ్వి, వాటి నిండా సుద్ద దట్టించి చేసింది. అడుగున ఉన్న మట్టి మీద చివరిసారి ఎండ ఎప్పుడు పడిందో 1990ల్లో లెక్కగట్టి, దాని వయసు మూడు వేల ఏళ్లకు అటూ ఇటూ అని తేల్చారు.

కొండను చూసుకునే నేషనల్ ట్రస్ట్ వాళ్లు సుత్తీ, బకెట్ నిండా సుద్ద గడ్డలూ ఇచ్చారు. ముందు అంచుల్లోంచి చొచ్చుకొచ్చిన గడ్డి పీకాలి. తర్వాత సుద్ద పరిచి, అది నలిగి ముద్దలా అతుక్కునే దాకా కొట్టాలి. మోకాళ్ల మీద కూర్చుంటే గుర్రం కనబడదు, తెల్లటి దారి ముక్క మాత్రమే కనిపిస్తుంది. "అమ్మా, మనం ఉన్నది మెడ దగ్గరా, తోక దగ్గరా?" అంది అమ్మాయి. పక్కన కొడుతున్న పెద్దాయన నవ్వి, వీపు అని చూపించాడు. కొన్నేళ్లు వదిలేస్తే గడ్డి మొత్తం మింగేస్తుందన్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో శత్రు విమానాలకు ఆనవాలు దొరకకూడదని పచ్చికా కొమ్మలూ కప్పి దీన్ని దాచారనీ, తర్వాత మళ్లీ తెరిచారనీ చెప్పాడు. ఒకప్పుడు ఈ పనికి జాతరే జరిగేది. 1857 నాటి జాతర మీద థామస్ హ్యూస్ ఏకంగా పుస్తకం రాశాడు.

మధ్యాహ్నం రిడ్జ్‌వే అనే పాత బాట వెంట వేలాండ్స్ స్మిథీకి నడిచాం. బీచ్ చెట్ల నడుమ పొడవాటి మట్టిదిబ్బ, దాని ముందు మనిషిని మించిన బండలు. గుర్రం కంటే రెండు వేల ఏళ్లకు పైగా పాతదైన సమాధి ఇది. 1960ల తవ్వకాల్లో దిబ్బ లోపల అంతకన్నా పాత సమాధి, అందులో 14 మంది అవశేషాలు బయటపడ్డాయి. వంగి లోపలికి వెళ్తే చల్లటి రాతి అర. తర్వాత వచ్చిన జనానికి ఇందులో ఎవరున్నారో తెలియలేదు. కంటికి కనబడని కమ్మరి ఉంటాడనీ, గుర్రాన్నీ వెండి నాణేన్నీ వదిలి వెళ్తే నాడాలు కొట్టి పెడతాడనీ కథ అల్లుకున్నారు. గోదావరి దగ్గర జానంపేట రాతి సమాధులను మనవాళ్లు రాకాసి గుళ్లన్నట్టే.

బండలు నిలిచాయి గానీ లోపలి మనుషుల జ్ఞాపకం నిలవలేదు. గుర్రాన్ని ఎందుకు చేశారో కూడా ఎవరికీ తెలియదు. అయినా దాని పని మాత్రం చేతి నుంచి చేతికి తెగకుండా వచ్చింది. అందుకే అది ఇంకా తెల్లగా ఉంది. మన దగ్గర ఇలాంటి సమాధులు రాళ్ల కోసం, పొలాల చదును కోసం ఎన్నో పోయాయి. కంచే, బోర్డూ చాలవు. ఏడాదికొక రోజు ఊరి పిల్లలూ పెద్దలూ వెళ్లి, ముళ్లకంప కొట్టి, చుట్టూ శుభ్రం చేసే ఆనవాయితీ మొదలవ్వాలి. తమ చెమట పడ్డ చోటును జనం అంత తేలిగ్గా పోనివ్వరు.