ఫిస్కే పేరు కింద సుబ్బారావు

రీప్రింట్ కార్డులు గుర్తున్నాయా అని అడిగితే నా వయసు డాక్టర్లు తప్ప ఎవరూ తలూపరు. పోస్టుకార్డంత అట్టముక్క, మీ వ్యాసం ప్రతి ఒకటి దయచేసి పంపండి అని ఇంగ్లీషులో ముందే అచ్చేసి ఉండేది. పత్రిక పేరు, సంపుటి, పుట మనం చేత్తో నింపి, పత్రికల విషయసూచికలు అచ్చేసే ‘కరెంట్ కంటెంట్స్’ చివరి పేజీల్లో రచయిత చిరునామా వెతికి పట్టుకుని పోస్టులో వేయాలి. కాలేజీకి వస్తే స్టాంపులు ఎవరో చింపుకుంటారని నేను మా ఊరు రెడ్డిగూడెం చిరునామా ఇచ్చేవాణ్ణి. మామిడి కాపు దిగే రోజుల్లో, వసారాలో వరిగడ్డి మధ్య రసాలు ముగ్గుతున్న వాసనలోకి పోస్ట్‌మాన్ ఏ ఫిలడెల్ఫియా కవరో తెచ్చిచ్చేవాడు, లోపల నున్నటి కాగితం, కొత్త సిరా వాసన, ఒక్కోసారి రచయిత సంతకం. సగం కార్డులకు జవాబే వచ్చేది కాదు, వచ్చినవి వచ్చేసరికి చదవాల్సిన అవసరం తీరిపోయేది. ఆ ఎదురుచూపు గొప్పదని నేననను, దానివల్ల ఎందరి పనో ఆగిపోయింది.

కాలేజీ లైబ్రరీలో బీరువా నిండా వైద్య వ్యాసాల పట్టిక ఇండెక్స్ మెడికస్, అట్టలు ఊడి, చెదలమందు వాసనతో; ఆ అచ్చు 2004తో ఆగిపోయింది. దాని పక్కన, కొనగలిగిన చోట్ల మాత్రమే, యూజీన్ గార్ఫీల్డ్ 1964లో మొదలుపెట్టిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్, ఎవరి వ్యాసాన్ని ఎవరు ఉదహరించారో చెప్పే లావుపాటి సంపుటాలు, భూతద్దం లేకపోతే కళ్లకు ఆనని అక్షరాలు. అందులో యల్లాప్రగడ సుబ్బారావు గారి కోసం ‘ఎస్’ కింద వెతికితే ఫిస్కేతో కలిసి రాసిన 1925 నాటి పెద్ద వ్యాసం దొరకదు. ఆ పట్టికలో మొదటి రచయిత పేరే ఉంటుంది, కాబట్టి ‘ఎఫ్’ దగ్గరికి వెళ్లి ఫిస్కే సి.హెచ్., 1925, జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, 66వ సంపుటి, 375వ పుట పట్టుకోవాలి. దాని కింద వరసలు వరసలుగా ఉదహరింపులు, వేలు పెట్టి కిందికి జరుపుతుంటే తెగేవి కావు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరిన మనిషి పేరు అన్నిసార్లూ ఇంకొకరి చాటునే లెక్కకెక్కింది.

ఆ వ్యాసం ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి. మా ల్యాబులో తెల్లవారుతూనే ఆ పనే: అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం పొడిని కల్వంలో నూరి, బైసల్ఫైట్, సల్ఫైట్ ద్రావణాల్లో కలిపి గోధుమరంగు సీసాలోకి వడకట్టేవాళ్లం, గంధకం ఘాటుకు ముక్కు మండేది, మాంసకృత్తులు తీసేసిన సీరంలో మాలిబ్డేట్ పోసి, దీన్ని చుక్కలుగా వదిలితే లేత నీలం మెల్లగా చిక్కబడేది, కలరిమీటర్లో ఎర్ర ఫిల్టరు పెట్టి చదువుకునేవాళ్లం. సీసా మీద చీటీలో ‘ఫిస్కే–సుబ్బారావు’ అని రాసి ఉండేది. గాజు సరిగా కడగకపోతే డిటర్జెంటులోని ఫాస్ఫేటే రక్తంలో ఉన్నట్టు తేలేది, రోగికి తప్పు అంకె పోయేది, అందుకే ఆటోఎనలైజర్ వచ్చినప్పుడు అందరం ఊపిరి పీల్చుకున్నాం. అది నీలం రంగు దాకా ఆగదు, మాలిబ్డేట్ కలిపాక అతినీలలోహిత కాంతిలోనే చదివేస్తుంది. కిట్ డబ్బా మీద కంపెనీ పేరు, గడువు తేదీ. పొడి నూరే పనితో పాటు రోజూ నోట పలికే ఒక తెలుగు పేరూ ల్యాబుల్లోంచి వెళ్లిపోయింది. మరీ వాడుకలో కలిసిపోయిన పద్ధతికి ఎవరూ ఆధారం రాయరు కదా, ఉప్పుకు ఎవరూ ఊరి పేరు చెప్పనట్టు.

సుబ్బారావు గారు 1929లో ఫిస్కేతో కలిసి ఏటీపీని బయటపెట్టారు, 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. ఆ తర్వాతి పనులు ఫోలిక్ ఆమ్లం తయారీ, మన కోస్తాలో బోదకాళ్లకు మింగించిన హెట్రజాన్, అమినోప్టెరిన్. ఏవీ ఆయన ఒక్కరివే కావు, బృందాలవి. 1948 ఆగస్టులో ఆయన పోయారు. అంతకు రెండు నెలల ముందే, జూన్‌లో, పిల్లల్లో రక్తక్యాన్సర్‌కు అమినోప్టెరిన్ వాడి చూసిన సిడ్నీ ఫార్బర్ వ్యాసం వెలువడింది.

మా తమ్ముడి కూతురు మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతుంది, ప్రమోషన్‌కు వ్యాసాలు కావాలి, తన సైటేషన్లు ఎన్ని పెరిగాయో ఫోన్లో చూసుకుంటుంది. మొన్న తోటలో కూర్చుని సుబ్బారావు గారి పేరూ కొట్టి చూసింది. కీళ్లవాతం రోగులకు వారం వారం మెథోట్రెక్సేట్ రాసే పిల్ల, అది అమినోప్టెరిన్‌కు తోబుట్టువే.

“ఇందులో ఫార్బర్ వ్యాసం రాలేదేం పెదనాన్నా?”

“ఆ రచయితల్లో ఆయన పేరు లేదమ్మా. మందు మాత్రం ఆయన బృందం చేసి పంపిందే.”