దీపాల వేళ

నా ఆఫీసు క్యాలెండర్లో మంగళ, గురువారాల సాయంత్రాలు కొంతసేపు మూసిపెట్టి ఉంటాయి. ‘బిజీ’ అని తప్ప ఇంకేమీ రాయను. ఆ బిజీ జూన్‌లో ఆరింటికి కాస్త ముందు మొదలవుతుంది, డిసెంబర్ వచ్చేసరికి మధ్యాహ్నం రెండింటికే. మధ్య నెలల్లో వారానికి కొంచెం చొప్పున జరుగుతూ ఉంటుంది. మా టీమ్‌లో కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయి ఈ జరగడం కనిపెట్టి, ఒకరోజు లంచ్ దగ్గర అడిగేసింది: “ఏంటండీ, సంధ్యావందనమా?”

దాదాపు అంతే, అన్నాను.

సర్ఫింగ్ అని చెప్పడానికి అప్పట్లో మొహమాటంగా ఉండేది. ముప్పై మూడేళ్ళు వచ్చాక, పొట్ట కూడా కొంచెం వచ్చాక మొదలుపెట్టిన విద్య. ఇప్పటికీ సరిగ్గా రాదు. నడుం ఎత్తు అల వస్తే లేచి నిలబడగలను, తల ఎత్తు అల వస్తే దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంటాను. నేనిందులోకి దిగడానికి కారణం ఒక పుస్తకం. విలియం ఫినెగన్ రాసిన ‘బార్బేరియన్ డేస్’. 2015లో వచ్చింది, మరుసటేడు పులిట్జర్ తెచ్చుకుంది. అందులో శాన్‌ఫ్రాన్సిస్కో ఓషన్ బీచ్ గురించి చాలా పేజీలున్నాయి. దాని మీద సమీక్ష రాద్దామని కూర్చుని, రాయకుండా వెళ్ళి ఒక పాత బోర్డు కొనుక్కొచ్చాను. ఆ సమీక్ష ఇంకా బాకీనే.

నేను వెళ్ళేది ఓషన్ బీచ్‌కి కాదు, అది నాబోటివాళ్ళకి కాదు. దానికి దక్షిణాన పసిఫికా అనే ఊళ్ళో లిండా మార్ అని ఒక బీచ్ ఉంది. నేర్చుకునేవాళ్ళంతా అక్కడే పడతారు. ఇసుక ఒడ్డున ఏకంగా ఒక టాకో బెల్ ఉంటుంది, నీళ్ళలోంచి చూస్తే మన గుర్తు అదే. సన్నీవేల్ నుంచి 280 రోడ్డు మీద ట్రాఫిక్ లేకపోతే ముప్పావుగంట. కాకపోతే సాయంత్రం ట్రాఫిక్ లేకపోవడం అనేది ఉండదు.

సాయంత్రం సర్ఫింగ్‌కి వెళ్ళాలంటే నాలుగు లెక్కలు కలవాలి. అల, గాలి, ఆటుపోటు, వెలుతురు.

అల ఇక్కడ పుట్టదు. ఎక్కడో అలాస్కా వైపు తుఫానులో పుట్టి, రోజుల తరబడి ప్రయాణం చేసి వస్తుంది. దాన్నే స్వెల్ అంటారు. ఒక శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య ఎన్ని సెకన్లన్నది అసలు సంగతి. ఆ సెకన్లని ఒకటిన్నరతో హెచ్చవేస్తే స్వెల్ గంటకి ఎన్ని నాటికల్ మైళ్ళు నడుస్తుందో వస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకి పడమర పద్ధెనిమిది నాటికల్ మైళ్ళ దూరంలో ప్రభుత్వం లంగరేసి ఉంచిన బోయా ఒకటుంది, నెంబరు 46026. అలల కొలతలు అదే పంపిస్తూ ఉంటుంది, ఎవరైనా ఫోన్‌లో చూసుకోవచ్చు. పదిహేను సెకన్ల స్వెల్ అక్కణ్ణించి ఒడ్డు చేరడానికి ఇంచుమించు నలభై ఎనిమిది నిమిషాలు. అంటే నేను ఆఫీసు పార్కింగ్‌లో కారు తీసేటప్పటికి బోయా కింద ఉన్న అలా, నేనూ, రోడ్డు బాగుంటే బీచ్‌కి ఒకేసారి చేరతాం. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు నాకు కలిగిన సంతోషం, ఏ కోడ్ పనిచేసినప్పుడూ కలగలేదు.

గాలి సంగతి వేరు. మధ్యాహ్నం నేల వేడెక్కి సముద్రం మీది గాలిని లాక్కుంటుంది. ఏప్రిల్ నుంచి జూలై దాకా వాయవ్యపు గాలి అలల్ని చింపి పెడుతుంది. పొద్దు వాలి నేల చల్లబడితే, కొన్ని రోజుల్లో గాలి ఉన్నట్టుండి పడిపోతుంది. నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా అవుతాయి. సాయంత్రాలకోసం పడిచచ్చేది ఆ అరగంట కోసమే. అది వస్తుందో రాదో చెప్పే మొనగాడు లేడు.

ఆటుపోట్లు రోజుకి దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతాయి. పోటు మరీ ఎక్కువుంటే లిండా మార్‌లో అల లేవదు, ఆటు మరీ తక్కువైతే లేచిన అల గోడ కూలినట్టు ఒక్కసారే విరిగిపోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1854 నుంచీ సముద్రమట్టం కొలుస్తున్నారు కాబట్టి ఈ పట్టికలు నమ్మకంగానే ఉంటాయి. అయినా నేను ముందు చూసేది తిథే. ఇక్కడ చలికాలంలో అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో మధ్యాహ్నం చివరికల్లా నీళ్ళు బాగా వెనక్కి పోతాయి. ఆ రోజుల్లో వెళ్ళడం దండగ. అష్టమి మంచిది. అష్టమినాడు పని మొదలుపెట్టకూడదనే మా అమ్మకి ఈ సంగతి చెప్పలేదు.

ఇక వెలుతురు. జూన్ చివర సూర్యాస్తమయం రాత్రి 8:35కి. డిసెంబర్ రెండో వారానికి 4:51. పైగా నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. శనివారం ఆరు దాటాక అస్తమించిన సూర్యుడు, ఆదివారం ఐదుంపావు కాకుండానే వెళ్ళిపోతాడు. సూర్యుడు దిగాక కూడా కళ్ళు కనిపించే వెలుగు ఇక్కడ 26 నుంచి 31 నిమిషాలు ఉంటుంది. వైజాగ్‌లో అయితే 22 నుంచి 24 నిమిషాలే. భూమధ్యరేఖకి దూరమయ్యేకొద్దీ సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు, అందుకని.

నేను పుట్టి పెరిగింది వైజాగ్‌లో. ఆ మాటకొస్తే సముద్రంలో సూర్యాస్తమయం నాకు పెద్దయ్యేదాకా తెలియదు. మాకు సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక్కి పోతాడు. కోస్తా పొడవునా అంతే, తూర్పు తీరం మరి. కావ్యాల్లో చెప్పే అష్టాదశ వర్ణనల జాబితాలో సముద్రం ఉంది, సూర్యోదయం ఉంది, చంద్రోదయం ఉంది. సూర్యాస్తమయానికి విడిగా చోటు లేదు. చంద్రుణ్ణి తీసుకురావడానికి సూర్యుణ్ణి తప్పించాలి కాబట్టి కవులు దారిలో దాన్నీ వర్ణించారనుకోండి, అప్పుడు కూడా చాలాసార్లు సూర్యుడు దిగేది పశ్చిమాద్రి మీదే. అదొక కవిసమయం అనుకుంటూ చదివేవాణ్ణి. బీచ్ రోడ్డు మీద వెనక్కి తిరిగి చూస్తే అది కవిసమయం కాదు, కళ్ళెదుటి సంగతే.

మా ఇంట్లో సూర్యాస్తమయానికి ఒకటే అర్థం. దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండాలి. క్రికెట్ సగంలో ఉన్నా, మనం బ్యాటింగ్‌లో ఉన్నా సరే. నాన్న పోర్టులో గుమాస్తా. ముప్పై ఏళ్ళు సముద్రం పక్కన ఉద్యోగం చేసి, రోజూ పొద్దున్నే బీచ్‌లో నడిచి, ఒక్కసారి కూడా మోకాళ్ళ లోతు దాటి దిగని మనిషి. నన్నూ దిగనివ్వలేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా వీధిలో ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు ఆదివారం సాయంత్రం స్నేహితులతో స్నానానికి దిగాడు. మిగతావాళ్ళు వచ్చారు. ఆ రాత్రి నాన్నా, ఇంకో నలుగురూ టార్చిలైట్లు పట్టుకుని ఒడ్డు వెంట తిరిగారు. తెల్లవారాక ఇంటికొచ్చి, పంచె అంచు నిండా ఇసుకతో, వాకిట్లోనే చాలాసేపు కూర్చున్నాడు. అమ్మ కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. ఏం జరిగిందని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తర్వాత దీపాల వేళ రూలు ఇంకో అరగంట ముందుకి జరిగింది.

అందుకే సర్ఫింగ్ మొదలుపెట్టిన సంగతి నాన్నకి చెప్పలేదు. రెండేళ్ళు చెప్పలేదు.

నిరుడు నవంబర్లో గడియారాలు మార్చిన తర్వాతి మంగళవారం. డే కేర్‌కి సెలవు, అందుకని మా ఆవిడ, నాలుగేళ్ళ పాప కూడా వచ్చారు. ట్రాఫిక్ వల్ల నేను నీళ్ళలో దిగేసరికే నాలుగున్నర. ఐదూ ఏడుకో ఎనిమిదికో సూర్యాస్తమయం, ఆ పైన అరగంట వెలుగు, చాలా టైముందని లెక్కేశాను. లెక్కలో ఒక తప్పుంది. యాప్‌లో చెప్పే సూర్యాస్తమయం చదునైన దిగంతానికి. లిండా మార్‌కి నైరుతి దిక్కున పెడ్రో పాయింట్ అని కొండ సముద్రంలోకి చొచ్చుకుని ఉంటుంది. వేసవిలో సూర్యుడు దానికి దూరంగా, నీళ్ళలో దిగుతాడు. చలికాలంలో నేరుగా దాని వెనక్కే పోతాడు. పశ్చిమాద్రి అన్నమాట. చెప్పిన టైముకన్నా బాగా ముందే బీచ్ మీద నీడ పడిపోయింది.

అప్పుడే బయటికి రావాల్సింది. గాలి పడిపోయింది, నీళ్ళు నున్నగా అయ్యాయి, వరసగా రెండు మంచి అలలు దొరికాయి. ఇంకొక్కటి, అనుకున్నాను. సర్ఫర్లందరూ అనుకునే మాట అదే. ఆ ఇంకొక్కటి వచ్చి, నన్ను కింద పడేసి పోయింది. బోర్డు మీదకి ఎక్కి చూస్తే టాకో బెల్ దీపాలు ఉండాల్సినచోట లేవు, బాగా చిన్నగా, ఎడం వైపుకి పోయి ఉన్నాయి. నీళ్ళు ఆటు మీద ఉన్నాయి. వెనక్కి లాగే ప్రవాహంలో పడ్డాను. దానికి ఎదురు ఈదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పోయి ప్రవాహం దాటాక లోపలికి తిరగాలి. ఆ సంగతి చదివాను, అందరికీ చెప్పాను కూడా. అయినా మొదటి ఐదు నిమిషాలూ ఎదురే ఈదాను.

భయం అలల వల్ల కాదు, అవి చిన్నవే. చీకట్లో ఏ అల విరుగుతుందో, ఏది విరగదో తెలియదు. నేను కదులుతున్నానో లేదో కూడా తెలియదు. చుట్టుపక్కల మిగిలిన మనుషుల తలలు ఒకటొకటిగా కనిపించడం మానేశాయి. పన్నెండు డిగ్రీల నీళ్ళలో చేతులు నావి కాకుండా పోయాయి. ఎప్పటికో పక్కకి తిరగాలన్న బుద్ధి పుట్టింది. కాళ్ళకి ఇసుక తగిలేసరికి బీచ్ ఉత్తరపు కొసన ఉన్నాను.

బోర్డు చంకలో పెట్టుకుని ఒడ్డు వెంట వెనక్కి నడుస్తుంటే దూరంగా ఒక చిన్న వెలుగు నీళ్ళ అంచున అటూ ఇటూ తిరుగుతూ కనిపించింది. ఫోన్ టార్చి. దగ్గరికి వెళ్ళేదాకా అది మా ఆవిడని తెలియలేదు. పాప భుజం మీద నిద్రపోయింది. ఆమె నన్ను తిట్టలేదు. ఫోన్ నా చేతికిచ్చింది, అంతే. స్క్రీన్ మీద 911 నొక్కి ఉంది, పచ్చ బటన్ నొక్కలేదు.

“నువ్వు వస్తావని కాదు నొక్కనిది,” అంది కార్లో, చాలాసేపటికి. “నొక్కితే నిజమైపోతుందని.”

తర్వాత ఐదు వారాలు బోర్డు గరాజ్‌లోనే ఉంది. అమ్మేద్దామనుకున్నాను. నన్ను ఆపింది ధైర్యమేమీ కాదు. తప్పు ఎక్కడ జరిగిందో తెలుసు కాబట్టి సరిదిద్దచ్చు అనుకునే వృత్తిలోని అలవాటు. ఆఫీసులో గడువు అంటే బేరమాడేది. ఈ వారం కాకపోతే వచ్చే వారం, సగం ఇప్పుడు సగం తర్వాత. పదమూడేళ్ళుగా గడువులు జరుపుకుంటూ బతికినవాణ్ణి, సూర్యుడితో కూడా అదే బేరం పెట్టాను. అల, గాలి, ఆటుపోటు చూసి ఎప్పుడు దిగాలన్నది లెక్క వేశాను గానీ, ఎప్పుడు బయటికి రావాలన్నది ఎప్పుడూ వెయ్యలేదు. నాన్న వేసింది ఆ రెండో లెక్క. ఆయనకి స్వెల్ తెలియదు, సెకన్లు తెలియవు. దాన్ని పిరికితనం అనుకుంటూ పెరిగాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే చదివాను. దిగంతాన్ని తాకుతూ మనకి కనిపించే సూర్యుడు నిజానికి అప్పటికే కిందికి దిగిపోయి ఉంటాడు. గాలి కాంతిని వంచడం వల్ల కనిపిస్తాడు, అంతే. ఆ వంపు సూర్యబింబం వెడల్పు కన్నా కాస్త ఎక్కువే. అంటే అందరూ ఇంకా ఉందనుకుని ఫోటోలు తీసుకునే ఆ పొద్దు, లేనిదే.

డిసెంబర్ రెండో వారంలో మళ్ళీ వెళ్ళాను, పగలు మూడింటికి. వాచీకి అలారం పెట్టుకున్నాను, సూర్యాస్తమయానికి ఇరవై నిమిషాల ముందుకి. మోగింది, మంచి అల వస్తోంది, వదిలేసి వచ్చేశాను. ఒళ్ళు తుడుచుకుని కారు వెనక డోర్ ఎత్తి కూర్చుంటే 4:50. ఇండియాలో మర్నాడు పొద్దున 6:20. ఆ వారంలో ఈ రెండు టైములూ కలుస్తాయి. ఇక్కడ సూర్యుడు దిగే నిమిషాల్లోనే వైజాగ్‌లో ఉదయిస్తాడు. జూన్‌లో ఇలా కలవవు, మూడున్నర గంటలు పైగా తేడా వస్తుంది.

నాన్నకి వీడియో కాల్ చేశాను. మంకీ క్యాప్‌తో బీచ్ రోడ్డు గోడ మీద కూర్చుని ఉన్నాడు. వెనక సముద్రం ఎర్రగా ఉంది.

“ఏరా, జుట్టు తడిగా ఉంది?”

చెప్పేశాను. బోర్డు, అలలు, రెండేళ్ళు, నవంబర్ సంగతి కూడా. కోడలు టార్చి పట్టుకుని తిరిగిందని చెప్పినప్పుడు ఆయన ఫోన్ కొంచెం పక్కకి వాలింది. కాసేపు నాకు సముద్రమే కనిపించింది, అందులోంచి లేస్తున్న సూర్యుడూ.

“కాళ్ళు అందుతాయా అక్కడ?” అన్నాడు చివరికి.

“అన్నిచోట్లా అందవు నాన్నా.”

“చీకటి పడకముందే వచ్చేస్తున్నావా ఇప్పుడు?”

“ఇరవై నిమిషాల ముందు అలారం పెట్టుకున్నాను.”

ఆయన సముద్రం వైపు తిరిగి కాసేపు ఏదో చూశాడు.

“నలభై పెట్టుకో,” అన్నాడు.

పెట్టుకున్నాను.