హాస్టల్ గదిలో తులిప్ పువ్వు

పోస్టు కొంచెం పొడుగైంది, తీరిక ఉన్నప్పుడే చదవండి.

మేం నలుగురం విశాఖలో ఒకే హాస్టల్ గదిలో ఉంటాం. మావన్నీ చింతపల్లి, జి.మాడుగుల వైపు ఊళ్లే. మాలో ఒకడు ఫిబ్రవరిలో పరీక్ష రాయడానికి ఢిల్లీ వెళ్లి, అక్కడ రోడ్డు పక్కన కుండీల్లో తులిప్ పూలు చూసొచ్చాడు. అప్పట్నుంచీ ఒకటే గోల. "మన లంబసింగి చలికి ఇవి రావేట్రా? టూరిస్టులకి కుండీలతో సహా అమ్మేద్దాం." వాళ్లింటికి పసుపు వేసే అర ఎకరం ఉంది. రాబోయే పసుపు పంట మీద షావుకారి దగ్గర అడ్వాన్సు తీసుకుని దుంపలు తెప్పిద్దామన్నాడు. ముందు గదిలో పెంచి చూద్దాం, తర్వాతే అడ్వాన్సు అని మేం ఆపాం.

తులిప్ దుంప చిన్న ఉల్లిపాయలా ఉంటుంది. దీని పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. అక్కడి చలికాలం నెలల తరబడి వదలదు. ఆ చలి తగిలితేనే దుంపలో ఉన్న మొగ్గ లేస్తుంది. నాలుగు నుంచి తొమ్మిది డిగ్రీల మధ్య 12 నుంచి 16 వారాలు ఉండాలి. మన లంబసింగిలో తెల్లారుజామున వణుకుతాం గానీ, పది గంటలకల్లా స్వెట్టర్ విప్పేస్తాం కదా. ఆ చలి దీనికి చాలదు. అంటే ఫ్రిజ్ కావాలి. హాస్టల్లో ఫ్రిజ్ ఎక్కడిది?

గేటు ఎదురుగా టీ కొట్టు పిన్నిని బతిమాలాం. పాల ప్యాకెట్ల కింద అరలో చోటిచ్చింది. అక్టోబర్‌లో స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి కొన్న పాతిక దుంపలు కాగితం సంచిలో పెట్టాం. జనవరిలో తీసి కుండీల్లో నాటితే ఆకులు బ్రహ్మాండంగా వచ్చాయి. మొగ్గలు మాత్రం కాగితంలా ఎండిపోయాయి. పాతికకి ఒక్కటి పూయలేదు! పిన్ని జ్యూస్ కోసం అదే అరలో ఆపిల్ పళ్లు పెట్టేదని తర్వాత తెలిసింది. పండే పళ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది, అది దుంపలోని మొగ్గని లోపలే చంపేస్తుందట. పిన్నిది తప్పు కాదు, మేం చదువుకోకుండా దిగాం. నెల రోజులు గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, డబ్బులు నలుగురివీ పోయాయి మరి.

మరుసటి ఏడాది మళ్లీ పన్నెండు దుంపలు. ఈసారి పిన్ని పళ్లు ఫ్రిజ్ బయటే పెట్టింది. పద్నాలుగు వారాలయ్యాక, మట్టి, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి, అడుగున చిల్లులున్న కుండీల్లో మొన పైకి ఉండేలా నాటాం. దుంపకి ఒకవైపు చదునుగా ఉంటుంది, అది కుండీ అంచు వైపు తిప్పితే మొదటి పెద్దాకు బయటికి వాలుతుంది. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. మొదటి రెండు వారాలు మంచం కింద నీడలో, తర్వాత కిటికీలో. ఫిబ్రవరి ఆఖర్లో ఏడు పూశాయి. విశాఖ వేడికి కాడలు పొట్టిగానే వచ్చాయి. అయినా ఆ ఎరుపు చూడాలి! పక్క గదులవాళ్లు చెప్పులు విప్పి మరీ లోపలికొచ్చారు.

మావాడు ఒక కుండీ ఒళ్లో పెట్టుకుని ఘాట్ రోడ్డు బస్సులో ఇంటికి తీసుకెళ్లాడు. అడ్వాన్సుకి ఇంట్లో ఒప్పించాలని. మేమూ వెళ్లాం. సాయంత్రం చేరేసరికి పువ్వు ముడుచుకుపోయింది. పొద్దున ఎండ తగిలి మళ్లీ విచ్చుకుంటే వాళ్లవ్వ చాలాసేపు దాని ముందే కూర్చుంది. తర్వాత ఒకే మాట అడిగింది: "విత్తనం మిగుల్తాదా, నాయనా?"

ఎవరం నోరు మెదపలేదు. మిగలదు. పూయడానికి ఆ దుంప తన బలమంతా ఖర్చు పెట్టేస్తుంది. పక్కన పిల్ల దుంపలు పుడతాయి గానీ, మన వేడికి అవి ఎదిగి పూయవు. మళ్లీ ఏడాది మళ్లీ కొనాలి, మళ్లీ ఫ్రిజ్. పైగా దుంపలు మా చేతికొచ్చేదే అక్టోబర్‌లో, మాకు పూసింది ఫిబ్రవరి ఆఖర్లో. లంబసింగికి జనం తోసుకొచ్చేది డిసెంబర్, జనవరిల్లో. ఈ లెక్క మాకు ముందే తెలుసు. వాడికి గట్టిగా చెప్పే ధైర్యం చాల్లేదంతే.

అవ్వ ఇంటి వెనక్కి తీసుకెళ్లి చెట్టు నీడన ఆకులు కప్పిన కుప్ప చూపించింది. పసుపు విత్తనం. వాళ్లత్త నాటినప్పట్నుంచీ అదే విత్తనమట, ఒక్కసారీ కొనలేదట. వాడు షావుకారి దగ్గరికి వెళ్లలేదు. మూడ్రోజులు మాతో సరిగా మాట్లాడలేదు కూడా. మాలో ఒకడైతే ఇప్పటికీ "కోల్డ్ రూమ్ ఉంటే చేయొచ్చురా" అంటాడు. ఉంటే కదా.

ఏప్రిల్లో ఆకులు ఎండాక కుండీ తవ్వి చూశాం. పెద్ద దుంప లేదు, గోధుమ రంగు పొర మాత్రం ఉంది. పక్కన వెల్లుల్లి రెబ్బలంత పిల్లలు నాలుగు. పారేయబోతే అవ్వ ఊరుకోలేదు. పసుపు కుప్పలోనే ఓ మూల పెట్టి ఆకులు కప్పింది.