గోనెసంచిలో రిజిస్టర్లు

గురుకులంలో స్టాఫ్ నర్సు ఏం చేస్తుంది? పారాసెటమాల్ ఇస్తుంది. పన్నెండేళ్లుగా ఈ మాట వింటున్నాను. ఇస్తాం, నిజమే. ఆ మాత్ర ఎవరికి, ఏ పూట, దేనికి ఇచ్చామో రిజిస్టర్లో రాస్తాం కూడా. ఏడాది చివర ఆ రిజిస్టర్ గోనెసంచిలోకి, సంచి స్టోర్ రూమ్‌లోకి పోతుంది. మళ్లీ ఎవరూ తెరవరు. నా బాధంతా దాని గురించే.

బడి నర్సు అనే ఉద్యోగం నిలబడిందే లెక్కల మీద. 1902లో న్యూయార్క్ బడుల్లో డాక్టర్లు ట్రకోమా, తామర, పేలు ఉన్న పిల్లల్ని ఏరి ఇంటికి పంపేసేవారు. వైద్యం ఎవరు చేయించాలో ఎవరికీ పట్టలేదు. బీదల పిల్లలు వీధుల్లోనే ఉండిపోయేవారు. హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ నడిపిన లిలియన్ వాల్డ్, తమ నర్సు లీనా రోజర్స్‌ని నెలరోజుల ప్రయోగంగా నాలుగు బడులకు పంపింది. మందు రాయడం, కట్టు కట్టడం బళ్లోనే. సాయంత్రం ఇళ్లకు వెళ్లి తల్లులకు నేర్పడం. నగరం మరికొందరు నర్సుల్ని తీసుకుంది. ఆ సెప్టెంబరులో జబ్బుల పేరుతో బడికి దూరమైన పిల్లలు 10,567 అయితే, 1903 సెప్టెంబరుకి 1,101. ఎవరో ఓపిగ్గా లెక్కపెట్టారు కాబట్టే ఇవాళ మనకి తెలుస్తోంది. రోజర్స్ తర్వాత తన అనుభవాన్ని పుస్తకంగా కూడా రాసింది.

మన దగ్గరికొస్తే, గజ్జి. హాస్టల్ నర్సుకి దీన్ని మించిన పరీక్ష లేదు. పక్క జిల్లా నుంచి ఒక సిస్టర్ ఫోన్ చేసింది.

“అక్కా, మా దగ్గర తగ్గుతనే లేదు. మూడుసార్లు క్రీం పూసినం.”

“ఎవరికి పూసిన్రు?”

“ఉన్నోళ్లకే.”

“లేనోళ్లకు గూడ పూయాలె.”

మొదటిసారి గజ్జి సోకినవాళ్లకి దురద నాలుగు నుంచి ఆరు వారాలకి గానీ మొదలవదు. అప్పటిదాకా ఆ పిల్ల ‘బాగున్న’ పిల్లే, పక్కమంచానికి అంటిస్తూనే ఉంటుంది. అందుకే డాక్టరు రాసిన పెర్మెత్రిన్ని డార్మిటరీ మొత్తానికి ఒకే రాత్రి మెడ నుంచి పాదాల దాకా పూయాలి, వారానికి మళ్లీ పూయాలి. ఇది నాకు తెలుసు. ఆ సిస్టర్‌కి తెలిసింది నాకు తెలియదు. శనివారం రాత్రి పూయిస్తే ఆదివారం తలస్నానాలకీ, దుప్పట్లు వేణ్ణీళ్లలో ఉతికి ఆరేయడానికీ ఎండంతా మనదేనట! మా హాస్టల్లో పనిరోజుల్లో పెట్టుకుని వార్డెన్‌తో గొడవపడేవాళ్లం. అందరికీ పూస్తే ఇంకో లాభం కూడా ఉంది. ఎవరికి గజ్జి ఉందో ఎవరికీ తెలియదు. ఆ పేరు పడి, సంక్రాంతి సెలవులకి వెళ్లి తిరిగి రాని పిల్లని నేను చూశాను.

ఐరన్ మాత్రలూ అంతే. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, అందుకే కిటికీలోంచి పారేస్తారు. అన్నం తిన్నాక మన ఎదుటే మింగిస్తే చాలా వరకు సరిపోతుంది. ఇలాంటివి ఒక్కో నర్సు ఒక్కో హాస్టల్లో విడిగా కనిపెడుతూ ఉంటుంది, బదిలీ అయినప్పుడు ఆ తెలివి కూడా ఆమెతోపాటే వెళ్లిపోతుంది. అమెరికాలో బడి నర్సులకి సొంత సంఘం, సొంత పరిశోధన పత్రిక ఉన్నాయి. మాకున్నది ఫోన్లో ఒక గ్రూపు. అందులో శుభోదయాలే ఎక్కువ.

ఒక సమీక్షలో ఈ సంగతి ఎత్తితే, “నర్సులకి రీసెర్చ్ ఎందుకమ్మా?” అన్నారొక పెద్దాయన. రీసెర్చ్ అంటే ఆయనకి తెల్లకోటూ ల్యాబూ కాబోలు. సోమవారం పొద్దున ప్రేయర్ ముందే ఎక్కువమందికి కళ్లెందుకు తిరుగుతాయి? ఆదివారం రాత్రి ఏం తిన్నారు, లేక తినలేదు? పది హాస్టళ్ల రిజిస్టర్లు పక్కపక్కన పెడితే తేలే ప్రశ్న ఇది. దీనికి కావలసింది నెలకో పూట, మేమంతా కూచోడానికో గది, టీ.

ఆ గది ఇంకా రాలేదు. ఈలోగా మేం నలుగురం మా రిజిస్టర్లు ఒకేలా గీసుకున్నాం. ‘మంచం నంబర్’ అని ఒక గడి అదనంగా పెట్టాం.