ఎరుపొకటి, పసుపొకటి - పిట్ట మాత్రం ఒక్కటే

పిట్టను గుర్తుపట్టాలంటే ముందుగా రంగు చూస్తాం. అయితే మన తూర్పు కనుమల్లో ఉండే స్కార్లెట్ మినివెట్ దగ్గర రంగు ఒక్కటే నమ్ముకుంటే లెక్క తప్పుతుంది. అరకు, అనంతగిరి అడవుల్లో తిరిగే ఈ పిట్ట సుమారు 20 సెంటీమీటర్లు, అంటే పికిలిపిట్ట అంత ఉంటుంది.

మగదానికి తల, గొంతు, వీపు నిగనిగలాడే నలుపు. పొట్ట మోదుగు పువ్వులా ఎరుపు. ఆడదానికి వీపు బూడిద రంగు, నుదురు, గొంతు, పొట్ట పసుపు. విడివిడిగా చూస్తే ఎవరైనా రెండు జాతులనే అనుకుంటారు.

ఒక డిసెంబరులో అనంతగిరి కాఫీ తోటల్లో నేను ఒక గుంపు వెంట గంటసేపు నడిచాను. ముందు రెండు ఎర్రనివి చెట్టు మారాయి, వెనకే మూడు పసుపువి. సన్నగా ఈల వేసుకుంటూ, చిటారు కొమ్మల్లోనే పురుగులు ఏరుకుంటూ సాగిపోయాయి. మెడ నొప్పి పుట్టింది గానీ, అవన్నీ ఒకే ఇంటివని కళ్లారా తెలిసింది.

మైదానాల్లో దీని చుట్టం చిన్న మినివెట్ ఉంటుంది. అందులో మగదాని తల బూడిద రంగు, రొమ్ము నారింజ రంగు. స్కార్లెట్ మినివెట్ రెక్క మీద పెద్ద మచ్చకు దూరంగా ఇంకో చిన్న మచ్చ విడిగా ఉంటుంది. అదే అసలు గుర్తు.

గూడు చాలా ఎత్తులో, సన్న పుల్లలను సాలెపురుగు దారాలతో బిగించి కడతాయి. గుడ్లను ఎక్కువగా ఆడదే పొదుగుతుంది. పిల్లలను మాత్రం రెండూ కలిసి పెంచుతాయి.

1896లో పుట్టిన సలీం అలీ పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని మేనమామ ఇంట పెరిగారు. చిన్నప్పుడు తాను కొట్టిన ఒక పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, అదేమిటో తెలుసుకోవాలని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్లారు. అక్కడ మిల్లార్డ్ అనే పెద్దాయన ఓపికగా చెప్పారు. ఆ ఒక్క ప్రశ్నే ఆయనను దేశం మెచ్చిన పక్షి శాస్త్రవేత్తను చేసింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మనల్ని కూడా "హాస్టల్ పిల్లలు" అని ఒక్క మాటతో తేల్చేసేవాళ్లు ఉంటారు. ఒక్క గుర్తుతో పిట్టే అర్థం కాదు, మనిషి ఎలా అర్థమవుతాడు? అందుకే పంగలకర్ర పక్కన పెట్టండి. పాత నోటుబుక్కులో మిగిలిన పేజీలు చాలు. పిట్ట కనిపించిన తేదీ, చెట్టు, రంగు, కూత, పక్కన ఎవరున్నారో రాసుకోండి. పేరు తర్వాత తెలుస్తుంది. ముందు చూడటం నేర్చుకోవాలి.