ఒక్క గిలక, పది చేదలు

పదిళ్ళకు ఒకే బావి, బావికి ఒకే గిలక ఉన్నచోట తగవు రాకుండా ఉండాలంటే ఏదో ఒక కట్టడి తప్పదు. ప్యాకెట్ రేడియో కూడా అటువంటి బావే. హామ్ రేడియో పిచ్చి ఉన్న మేమంతా ఒకే పౌనఃపున్యం మీద, సెకనుకు 1200 బిట్ల నింపాదైన వేగంతో, కంప్యూటర్ల చేత మాట్లాడిస్తూ ఉంటాము. ఇద్దరు ఒకేసారి పలికితే సాధారణంగా ఇద్దరి మాటా మట్టిపాలే.

1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహానెట్‌లో ఎవరికి తోచినప్పుడు వారు పంపేవారు. జవాబు రాకుంటే కొంతసేపాగి మళ్ళీ పంపేవారు. ఆ పద్ధతిలో మార్గపు సామర్థ్యం 18.4 శాతానికి మించి అక్కరకు రాదని లెక్క తేలింది. అందుకే ‘ముందు విను, తరువాత పలుకు’ అన్న నియమం వచ్చింది.

అయితే వినడం ఒక్కటే చాలదు. ఒకరు పలుకుతుండగా ముగ్గురు కాచుకొని ఉన్నారనుకోండి. ఆ పలుకు ఆగగానే ముగ్గురూ ఒక్కసారే అందుకుంటారు. అందరూ సరిగ్గా ఒకే వ్యవధి ఆగినా అంతే!

దీనికి విరుగుడు పాచిక. మైక్ చెపోనిస్, ఫిల్ కార్న్ 1987లో వెలువరించిన ‘కిస్’ పద్ధతిలో పెర్సిస్టెన్స్, స్లాట్ టైము అని రెండు అంకెలుంటాయి. మార్గం ఖాళీ కాగానే, కంప్యూటరుకూ రేడియోకూ నడుమనుండే టి.ఎన్.సి. 0 నుంచి 255 వరకు ఏదో ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా తీస్తుంది. అది పెర్సిస్టెన్స్‌ను మించకపోతే పంపుతుంది. మించితే ఒక స్లాట్ ఆగి, మళ్ళీ విని, మళ్ళీ పాచిక వేస్తుంది. మొదట ఉండే విలువలు 63, 10. అంటే నాలుగింట ఒక వంతు అవకాశం, 100 మిల్లీసెకన్ల విరామం.

నలుగురు కాచుకొని ఉన్నప్పుడు 63 చక్కగా అమరుతుంది. పదిమంది ఉంటే మాత్రం ఆ స్లాట్‌లో గుద్దుకునే అవకాశం 75 శాతం దాటుతుంది. 25కు దించితే అది 27 శాతం దగ్గరకు తగ్గుతుంది.

255 పెట్టుకున్నవారికి పాచికే లేదు. ఇక్కడే అసలు అన్యాయం. ఎఫ్.ఎం.లో బలమైన సంకేతం బలహీనమైనదాన్ని కప్పివేస్తుంది. ఎత్తైన ఆంటెనా, ఎక్కువ వాట్లు ఉన్నవారి ప్యాకెట్లు ఎంత దుడుకుగా పంపినా చేరుతూనే ఉంటాయి. వారి తెర మీద అంతా సవ్యమే. దెబ్బతినేది పెరట్లో వెదురుగడకు తీగ కట్టుకున్నవాడు. అందుచేత ఈ అంకెల మీద వాదం వచ్చినప్పుడల్లా నేను “మీకు బాగా నడుస్తోందా?” అని అడగను. అందరిలోకీ సన్నగా వినిపించే స్టేషను ఒక్కో ప్యాకెట్టును ఎన్నిసార్లు తిరిగి పంపవలసి వస్తోందని అడుగుతాను.

కొండకు ఇరువైపులా ఉండి ఒకరినొకరు వినలేనివారికి ఈ పాచిక కూడా పూర్తిగా అక్కరకు రాదు. టొబాగి, క్లైన్‌రాక్ 1975లోనే ఈ దాగిన స్టేషన్ల చిక్కును విశ్లేషించారు. పంపేముందు చిన్న సందేశంతో అనుమతి అడగాలని కార్న్ 1990లో ‘మాకా’ పద్ధతిని ప్రతిపాదించారు. నాకు వినబడే నిశ్శబ్దం నా చెవికున్న హద్దు మాత్రమే.

నా పెర్సిస్టెన్స్ 25 దగ్గరే ఉంచుకుంటాను. మార్గం ఖాళీగా ఉన్నా నా ప్యాకెట్టు సగటున సెకనుకు కాస్త తక్కువగా ఆలస్యమవుతుంది. ఆ కాస్త సందులోనే సన్నని గొంతువాడు తన చేద దింపుకోవాలి.