కోనసీమను గల్ఫ్‌కి సాగనంపిన మైదానం

గోదావరి పాయల నడుమ, కొబ్బరిచెట్ల నీడన ఒదిగిన కోనసీమకి విమానాశ్రయం లేదు. అయినా అమలాపురం, రాజోలు, కొత్తపేట పల్లెల్లో కువైట్, దుబాయ్, మస్కట్ పక్కూరి పేర్లంత మామూలుగా వినిపిస్తాయి. మొదట్లో గల్ఫ్ బాట పట్టినవాళ్లు బొంబాయి వెళ్లి విమానం ఎక్కేవారు. హైదరాబాద్ నుంచే ఆ సర్వీసులు మొదలయ్యాక చాలామందికి బేగంపేటే గుమ్మమైంది. ఆవకాయ జాడీ మూట కట్టి, కళ్లు తుడుచుకుంటూ అయినవాళ్లు వీడ్కోలు చెప్పిందక్కడే.

ఆ బేగంపేట ఒకప్పుడు యుద్ధవిద్య నేర్పిన బడి!

1930ల్లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడిలో, హైదరాబాద్ ఏరో క్లబ్‌తోపాటు రూపుదిద్దుకుందీ మైదానం. 1937లో టెర్మినల్ భవనమూ లేచింది. అంతలో రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చింది. వైమానిక దళానికి పైలట్లు కావాలి, అదీ త్వరగా. దాంతో ఇక్కడ ఒకటో నంబరు ఎలిమెంటరీ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్ వెలిసింది. రెండోది జోధ్‌పూర్‌లో. బేగంపేట కుర్రాళ్లకి ఓనమాలు దిద్దించింది టైగర్ మాత్. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు, పైకప్పు లేని రెండు సీట్లు... ముందు గురువు, వెనక శిష్యుడు. హోరుగాలిలో మాటలన్నీ గొట్టంలోంచే! ఇక్కడ గట్టెక్కినవాళ్లు పైచదువుకి అంబాలా లాంటి చోట్లకి వెళ్లేవారు.

అదే యుద్ధం కోనసీమ వాకిట్లో మరో పని చేసింది. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రైలుమార్గం వేశారు. కోనసీమవాసులు ముక్తేశ్వరం దగ్గర గౌతమి దాటితే చాలు, అవతలి ఒడ్డునే రైలు. యుద్ధ అవసరాల పేరుతో 1940లో ఆ పట్టాలు పీకేశారు. 1942 ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖలపై జపాన్ బాంబులు పడ్డాయి. తీసుకెళ్లిన రైలు తిరిగిరావడానికి 2004 దాకా ఆగాల్సివచ్చింది!

బేగంపేట కథ వేరు. యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేని డకోటాలు దక్కన్ ఎయిర్‌వేస్ చేతికొచ్చాయి. సైనికుల్ని మోసిన రకం విమానాల్లో మామూలు ప్రయాణికులు కూర్చున్నారు. 1953లో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1972లో దక్షిణంవైపు కొత్త టెర్మినల్ వచ్చింది. పాత వైపు వైమానిక దళానిదైంది.

2008 మార్చి 22 అర్ధరాత్రితో ఇక్కడ ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఆ సందడంతా శంషాబాద్‌కి తరలింది. వైమానిక దళం మాత్రం బేగంపేటను వదల్లేదు. ప్రముఖుల విమానాలు దిగుతుంటాయి. విమాన ప్రదర్శనలప్పుడు జనం మళ్లీ తలలెత్తి ఆకాశంలోకి చూస్తారు.

ఇప్పుడు కోనసీమవాసులకి దగ్గరి విమానాశ్రయం రాజమహేంద్రవరం పక్కనున్న మధురపూడి. అక్కడినుంచి హైదరాబాద్ చేరి, గల్ఫ్ విమానం అందుకోవచ్చు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వెళ్లాల్సిన రైలుమార్గం మాత్రం ఇంకా పూర్తికాలేదు. దుబాయ్‌కి విమానంలో వెళ్లే అమలాపురం మనిషి సొంతూళ్లో రైలెక్కే రోజు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు.